వాడిన జాజితీగ

పాఠ్యాంశ నేపథ్యం

ఇది విజ్ఞాన విషయాన్ని వివరించే వ్యాసం. ఇంటి ముంగిట వాడిపోతున్న ఒక జాజితీగను ముందుంచుకొని, లక్షణాన్ని చూచి కారణాన్ని ఏ విధంగా వెదకాలో, కారణం తెలిసిన పిమ్మట తీగను ఏ విధంగా కాపాడాలో ఇందులో చూడవచ్చు. హైదరాబాదు నగరపు పడమటి వైపున గల నానక్‌రామ్‌గూడ ఈ పాఠానికి రంగస్థలం.

పాఠం

"తీగ లాగితే డొంకంతా కదిలింది" అని మన సామెత. దొంగతనాలు బయటపడినప్పుడు, గుట్టు రట్టయినప్పుడు ఈ మాటను వాడుతుంటాం. నిజమైన తీగ విషయంలో దీనిని ఎవరూ వాడరు. కాని వాడిపోతున్న జాజితీగ పక్కన కూర్చొని పరీక్షించేవారికి ఈ సామెత అక్షరాలా నిజమని తోస్తుంది. పసుపురంగుకు తిరిగిన ఒక్క ఆకును పట్టుకొని బయలుదేరితే ఆ విచారణ కొమ్మ మీదుగా కాండానికి, కాండం నుండి వేరుకు, వేరు నుండి మట్టికి, మట్టి నుండి ఆ ఇల్లు కట్టిన తీరుకు, ఆ ఊరు మారిన తీరుకు కూడా చేరుతుంది.

ముందుగా తీగ స్వభావాన్ని తెలుసుకోవాలి. చెట్టు తాను సంపాదించిన ఆహారంలో అధికభాగాన్ని మాను కట్టుకోవడానికి వెచ్చిస్తుంది. తీగ ఆ ఖర్చు పెట్టుకోదు. సన్నని కాడతో, పరుల ఆసరాతో వెలుతురును అందుకుంటుంది. అయితే పైనున్న ఆకులన్నింటికీ నీరు ఆ సన్నని కాడ గుండానే అందాలి. అందువలన తీగజాతి మొక్కల కాండాలలో నీటినాళాలు సాధారణంగా వెడల్పుగా ఉంటాయి. వేరువద్ద ఏ కొద్దిపాటి అంతరాయం కలిగినా పదిఅడుగుల ఎత్తున ఉన్న ఆకు ఆ సంగతిని త్వరగా వెల్లడిస్తుంది.

తీగల నడవడిని శ్రద్ధగా గమనించినవారిలో చార్లెస్ డార్విన్ ముఖ్యుడు. ఆయన అనారోగ్యంతో గది విడిచి కదలలేని రోజులలో హాప్ అనే శీతలదేశపు తీగను కుండీలో పెట్టించుకొని రాత్రింబగళ్ళు పరిశీలించాడు. దాని లేతకొన నిశ్చలంగా ఉండదు. ఆధారం కోసం గాలిలో వలయాలు చుడుతూ వెదుకుతుంది. వేసవిలో పగటివేళ ఒక్కొక్క చుట్టుకు సగటున 2 గంటల 8 నిమిషాలు పడుతున్నదని ఆయన లెక్కకట్టాడు. ఈ పరిశీలనలు 1865లో ప్రచురింపబడ్డాయి. కదలలేని రోగి ఒకడు, కదలదని లోకం అనుకొనే మొక్క కదలికను గడియారం పెట్టి కొలిచాడన్నది గమనింపదగిన విషయం.

అన్ని తీగలూ ఒకే విధంగా ఎగబ్రాకవు. దొండ, బీర, కాకర నులితీగలను చాచి పట్టుకొంటాయి. చిక్కుడు తన కాడనే ఆధారానికి చుట్టుకొంటుంది. తమలపాకు తీగ కణుపుల వద్ద పుట్టిన వేళ్ళతో అంటుకొంటుంది. కాగితపుపూల మొక్క ముళ్ళ సాయంతో పైకి లేస్తుంది. జాజికి నులితీగలు లేవు, ముళ్ళు లేవు. పొడవుగా సాగే బలహీనమైన కొమ్మలను పందిరిమీద వాల్చి, సందులలో దూర్చి, అల్లుకొంటూ పోతుంది. పందిరి లేని ముల్లెతీగను చూచి జాలిపడి పారి అనే రాజు తన రథాన్నే దానికి వదలిపెట్టి నడచి వెళ్ళాడని తమిళుల ప్రాచీన సాహిత్యం చెబుతున్నది. మనం రథాలు ఇవ్వనక్కరలేదు గాని, నున్నని ఇనుపగొట్టాన్ని ఇచ్చి తీగ ఎక్కలేదని నిందించడం మాత్రం న్యాయం కాదు.

ఇక స్థలం సంగతి. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలానికి చెందిన నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు నగరానికి వెలుపలి పల్లె. నల్లరాతి గుట్టలు, ఎర్ర చెలకనేలలు, రంగ్‌బాగ్‌లోని రంగనాథస్వామి ఆలయం దాని గుర్తులు. 'బాగ్' అనగా తోట. మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత నగరం ఈ దిక్కుగా విస్తరించింది. 2008లో బాహ్యవలయ రహదారి తొలిభాగం గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు తెరుచుకొన్నది. 2019లో అమెజాన్ సంస్థ తన పెద్ద కార్యాలయ ప్రాంగణాన్ని ఇక్కడ ప్రారంభించింది. నేడు పల్లెలోని పాత ఇళ్ళ మధ్యనుండి చూస్తే నలువైపులా అద్దాల మేడలు కనిపిస్తాయి.

ఈ ఊరిలో ఒక ఇల్లు ఉన్నదనుకొందాం. పాత పెంకుటిల్లు తీసివేసి ఆ స్థలంలో అయిదంతస్తుల భవనం కట్టుకొన్నారు. ముంగిట గోడమూలన ఉన్న జాజిపాదును మాత్రం ఇంటి పెద్దావిడ కొట్టనీయలేదు. నలభై ఏళ్ళ కిందట ఆమె తన పుట్టింటి నుండి తెచ్చి నాటిన కొమ్మ అది. భవనం పూర్తయిన నాటినుండి తీగ క్షీణిస్తున్నది. ఆకులు చిన్నవై, పసుపుబారి, అంచులు మాడి రాలుతున్నాయి. రెండేళ్ళుగా పూత లేదు.

"నానమ్మా, ఇది ఇక బతకదు. తీసివేసి కొత్తది తెచ్చుకొందాం" అంటాడు మనుమడు.

"తెచ్చుకో బిడ్డా. కాని అది ఇది కాదు గదా!" అంటుంది ఆమె.

మనుమడి మాటలో తప్పేమీ లేదు. నగరంలోని నర్సరీలకు గోదావరి తీరాన ఉన్న కడియం నుండి లారీలకొద్దీ మొక్కలు వస్తూనే ఉంటాయి. పిడికెడు మొగ్గలతో నిండిన జాజి సంచి ఒకటి కొని తేవడం అరగంట పని. అయితే పాతతీగ ఏ కారణం వలన వాడుతున్నదో తెలుసుకోకుండా కొత్తదానిని అదే గోతిలో నాటితే దానికి కూడా అదే గతి పడుతుంది. కనుక నానమ్మ మమకారాన్ని పక్కన పెట్టినప్పటికీ ముందు చేయవలసినది విచారణయే.

మొదటి ప్రశ్న: తీగలో ప్రాణం ఉన్నదా? కొమ్మ బెరడును గోటితో కొంచెం గీరి చూడాలి. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ జీవించి ఉన్నట్లు. గోధుమరంగుతో పొడిగా ఉండి, వంచగానే పుటుక్కున విరిగితే అది ఎండినట్లు. కొననుండి మొదలుపెట్టి క్రిందికి గీరుతూ రావాలి. పైకొమ్మలన్నీ ఎండినా మొదలు పచ్చగా ఉన్న తీగలు అనేకం. ఆకులు లేనంత మాత్రాన తీగ చనిపోయినదని తీర్మానించి పీకివేయడం తొందరపాటు.

రెండవ ప్రశ్న నీటికి సంబంధించినది. ఇక్కడనే అధికులు పొరపడతారు. ఆకులు వాలిపోగానే దాహమని తలచి బిందెలకొద్దీ నీరు పోస్తారు. నీరు చాలకపోయినా ఆకు వాలుతుంది. నీరు మితిమీరినా ఆకు వాలుతుంది. చూపునకు రెండూ ఒకటే. వేళ్ళకు నీటితోపాటు గాలి కూడా అవసరం. మట్టికణాల మధ్యనుండే సందులన్నీ నీటితో నిండిపోతే వేళ్ళకు ఊపిరాడదు, అవి కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీటి మధ్యనే ఉన్నా నీటిని పీల్చలేదు. చెరువులో ఉండి దాహంతో చచ్చినట్లు తీగ ఎండుతుంది. దానిని చూచి ఇంకా నీరు పోస్తే కుళ్ళు మరింత హెచ్చుతుంది.

ఈ రెంటికీ భేదం తెలియాలంటే ఆకును కాక మట్టిని అడగాలి. పాదులో వేలును రెండంగుళాల లోతుకు గుచ్చి చూడాలి. పొడిగా ఉంటే దాహం. చల్లగా జిగటగా ఉండి, పుల్లని వాసన వస్తే వేరుకుళ్ళు. వేళను కూడా గమనించాలి. మే నెల మధ్యాహ్నం వాలిన ఆకు చీకటిపడేసరికి తేరుకొంటే దానిని జబ్బు అనరాదు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అంటారు, ఆకు వాలడంలో వింత లేదు. తెల్లవారుజామున కూడా వాలి ఉన్న ఆకు మాత్రం ఆపదను సూచిస్తుంది.

మూడవది ఆకు రంగు. పసుపురంగు అంతా ఒకటి కాదు. అడుగున ఉన్న ముదురాకులు మొత్తంగా పసుపుబారితే సాధారణంగా నత్రజని లోపం. చివర ఉన్న లేతాకులు పసుపుబారి, వాటి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుపధాతువు లోపం. అంచులు మాడితే వేరువద్ద లవణాలు పేరుకొన్నాయని అనుమానించాలి. మనం ఊహించుకొన్న జాజికి లేతాకులు పాలిపోతున్నాయి, అంచులు మాడుతున్నాయి. అనగా రెండు సాక్ష్యాలు ఒకేసారి దొరికాయన్న మాట.

ఎర్రమట్టికి ఆ రంగు వచ్చినదే ఇనుము వలన. ఆ నేలలో పుట్టిన తీగకు ఇనుము కరవు కావడమేమిటి? సమాధానం నేలలో కాక నేలమీద పోసిన దానిలో ఉన్నది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు గార, సున్నం, కంకర గోడమూలలలో పూడ్చి పైన పలుచగా ఎర్రమట్టి పరచడం పరిపాటి. సిమెంటులో, సున్నంలో ఉండే క్షారగుణం వానకు కరిగి మట్టిలోకి దిగుతుంది. క్షారం హెచ్చిన నేలలో ఇనుము ఉన్నప్పటికీ నీటిలో కరగని రూపం దాల్చుతుంది. కరగనిదానిని వేరు పీల్చలేదు. తాళం వేసిన గాదె ముందు ఆకలితో కూర్చున్నట్లు ఉంటుంది తీగ పరిస్థితి. నల్లరాతి పొరలలో ఎంతో లోతుకు దింపిన గొట్టపుబావుల నీరు తరచుగా కఠినజలం. దానిని ఏళ్ళతరబడి పోస్తే కుండీ అంచున తెల్లని పొర కడుతుంది. ఆ పొర వేరు చుట్టూ కూడా ఏర్పడుతున్నదని గ్రహించాలి. త్రాగునీటి శుద్ధియంత్రం వదలిపెట్టే నీటిని వృథా చేయరాదని కొందరు మొక్కలకు పోస్తారు. ఉద్దేశం మంచిదే. కాని లవణాలన్నీ చిక్కబడి మిగిలేది ఆ నీటిలోనే. దానితో గచ్చు కడుక్కోవడం ఉత్తమం.

మరొక కారణం ఈ ప్రాంతానికే ప్రత్యేకమైనది. శీతలయంత్రాల వెలుపలి పెట్టెలు వేడిగాలిని ముంగిట్లోకి వదులుతాయి. ఎదురుగా అద్దాల గోడ ఉంటే ఎండ దానిపై పడి తిరిగి వచ్చి తీగకు రెండవసారి తగులుతుంది. తీగలో ఒకవైపు ఆకులు మాత్రమే మాడుతూ ఉంటే ఆ దిక్కున ఏమున్నదో తలెత్తి చూడాలి.

పురుగుల సంగతి క్లుప్తంగా చెప్పుకొంటే చాలు. ఆకు అడుగున సన్నని బూజు ఉండి పైన తెల్లని చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. కణుపులలో దూదివలె ఉంటే పిండినల్లి. నీటిధారతో గట్టిగా కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిపాటి సబ్బుతో కలిపి చల్లటి వేళ పిచికారి చేస్తే చాలావరకు అదుపులోకి వస్తాయి. బలహీనపడిన తీగపైనే ఇవి ఎక్కువగా చేరుతాయి గనుక పురుగును చంపి వేరును మరచినందువలన ప్రయోజనం లేదు.

వేరును మరువరాదనడానికి చరిత్రలో పెద్ద దృష్టాంతం ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలు. 1860 తరువాత అక్కడి తోటలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. చచ్చిన తీగలను త్రవ్వి చూచినవారికి ఏమీ దొరకలేదు. 1868లో ప్లాంషోన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎండిన తీగల పక్కనే ఇంకా పచ్చగా ఉన్న తీగల వేళ్ళను త్రవ్వించారు. ఆ వేళ్ళపై పసుపుపచ్చని సూక్ష్మమైన పురుగులు గుంపులుగా కనిపించాయి. తీగ చచ్చేసరికి పురుగు పక్క తీగకు పోతున్నదన్న మాట. ఆ పురుగు ఉత్తర అమెరికా నుండి వచ్చినది. అక్కడి ద్రాక్షజాతుల వేళ్ళు దాని ధాటికి తట్టుకొంటాయి. కనుక అమెరికా వేరుపై ఐరోపా కొమ్మను అంటుకట్టి తోటలను తిరిగి నిలబెట్టారు. జబ్బు కనిపించినది ఆకులో, నివారణ దొరికినది వేరులో.

ఇప్పుడు చికిత్సకు వద్దాం. మొట్టమొదట చేయరాని పని ఎరువు వేయడం. "లంఖణం పరమౌషధం" అన్నది జ్వరానికే కాదు, వేరు దెబ్బతిన్న తీగకు కూడా వర్తిస్తుంది. రసాయనపు ఎరువు కూడా లవణమే. పీల్చలేని వేరు చుట్టూ దానిని పోస్తే ఉన్న తడిని కూడా అది లాగివేస్తుంది. కొత్త చిగురు రెండు మూడు ఆకులు వేసేవరకు తీగను ఎరువు లేకుండానే ఉంచాలి.

రెండవది కాలనిర్ణయం. నడివేసవిలో వేళ్ళను కదిలించరాదు. మృగశిర కార్తె ప్రవేశించి, ఒకటి రెండు మంచి వానలు పడి, నేల చల్లబడిన తరువాత పని ప్రారంభించాలి. కాండానికి అడుగున్నర దూరంలో చుట్టూ త్రవ్వి, సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు ఏరివేయాలి. కాండం మొదటివరకు పలకలు పరచి ఉంటే కనీసం రెండడుగుల మేర వాటిని తొలగించాలి. నల్లగా మెత్తబడిన వేళ్ళను పదునైన కత్తితో తెల్లనిభాగం వచ్చేవరకు కోయాలి. త్రవ్విన గోతిని ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొంత ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపిన మిశ్రమంతో నింపాలి. చివికిన పశువుల ఎరువును నేను పైన నిషేధించిన ఎరువులలో చేర్చలేదు. అది మట్టిని గుల్లపరచి నెమ్మదిగా క్షారాన్ని తగ్గించే పదార్థం. పాదును కాండానికి ఆనించక, పీల్చే వేళ్ళు ఉండే దూరంలో వలయంగా చేయాలి. వాననీటిని మించినది లేదు. దొరికినంతవరకు పట్టి ఉంచుకోవాలి. పైన ఎండుటాకులు మూడంగుళాల మందాన కప్పితే నేల ఆరదు.

పాలిపోయిన లేతాకులకు వెంటనే ఉపశమనం కావాలంటే అన్నభేదిని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున, చిటికెడు నిమ్మ ఉప్పుతో కలిపి సాయంకాలం ఆకులపై చల్లాలి. నెలకొకసారి చొప్పున ఆకు పచ్చబడేవరకు చేయవచ్చు. ఇది తాత్కాలికమే. గోతిలోని గార తీయనిదే పసుపు తిరిగి వస్తుంది.

మూడవది కత్తిరింపు. ఇష్టపడి పెంచుకొన్నదానిని కోయడానికి చాలామందికి చేతులు రావు. హైదరాబాదు పరిసరాలలో ఒకప్పుడు విస్తారంగా ఉన్న అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటల రైతులను అడిగితే ఈ సంకోచం తీరుతుంది. మన వాతావరణంలో ద్రాక్ష చలికాలపు నిద్ర పోదు. అందువలన ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరులో ఒకసారి పండు కోసం, ఏటా రెండుమార్లు కత్తిరిస్తారు. జాజి కూడా కొత్తగా వచ్చిన రెమ్మలపైననే పూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న జాజిని డిసెంబరు చివర రెండు మూడు అడుగుల ఎత్తుకు కోయవచ్చు. జబ్బుపడిన తీగకు అంత కోత తగదు. మొదట ఎండినవాటిని, తరువాత ఒకదానిపై ఒకటి రాసుకొంటున్నవాటిని మాత్రం తీసి, పచ్చని భాగంలో మూడింట రెండువంతులైనా మిగల్చాలి. ఆకు లేనిదే వేరుకు ఆహారం లేదు.

పందిరి విషయంలో ఇనుముకన్న వెదురు, కొబ్బరితాడు మేలు. ఎండకు కాలిన గొట్టం లేతకొనను మాడ్చుతుంది. తాడు గరుకుదనం తీగకు పట్టునిస్తుంది. కొమ్మను కట్టేటప్పుడు ముడి వదులుగా ఉండాలి.

ఇన్ని చేసినా తీగ నిలుస్తుందని హామీ ఇవ్వలేం. కనుక చికిత్సతోపాటు మొదటిరోజే మరొక పని ప్రారంభించాలి. నేలకు దగ్గరగా ఉన్న పచ్చని కొమ్మ ఒకదానిని ఎన్నుకొని వంచాలి. ఒక కణుపు క్రింద బెరడును కొద్దిగా గీరి, ఆ భాగాన్ని అయిదారు అంగుళాల లోతున మంచిమట్టిలో పూడ్చి, పైన రాయి పెట్టాలి. కొన బయటికి ఉండాలి. దీనిని నేలఅంటు అంటారు. తల్లితీగ నుండి ఆహారం అందుతూ ఉండగానే పూడ్చినచోట వేళ్ళు పుడతాయి. వర్షాకాలంలో మూడు నాలుగు నెలలు పడుతుంది. పొరుగు ఇళ్ళలో ఒకటి రెండుచోట్ల కూడా కొమ్మలు నాటించడం మంచిది. కాళిదాసు శకుంతల అత్తవారింటికి బయలుదేరే వేళ తాను సోదరిగా భావించిన వనజ్యోత్స్న అనే తీగను చెలికత్తెల చేతికి అప్పగిస్తుంది. ఆ అప్పగింతలో ప్రేమతోపాటు లోకజ్ఞానం కూడా ఉన్నది.

నానమ్మ మాట ఇక్కడ మళ్ళీ గుర్తుకు వస్తుంది. మన ఇళ్ళలో జాజిని విత్తనంతో పెంచరు, కొమ్మతోనే పెంచుతారు. విత్తనం నుండి పుట్టినది తల్లిదండ్రుల లక్షణాలు కలిసిన కొత్త మొక్క. కొమ్మనుండి లేచినది కొత్త మొక్క కాదు. అదే మొక్క మరొకచోట కొనసాగుతున్నది. పుట్టింటి పెరటిలోని తీగ, నానక్‌రామ్‌గూడ గోడమూలన నిలిచినది, రాతి క్రింద వేరు పోసుకొంటున్నది, మూడూ జన్యుపరంగా ఒక్కటే. నర్సరీనుండి తెచ్చినది ఎంత పచ్చగా ఉన్నా "అది ఇది కాదు" అన్న ఆమె మాట శాస్త్రసమ్మతమే.

దీపావళి నాటికి పూడ్చిన కొమ్మను మెల్లగా లాగి చూడాలి. మట్టి పట్టుకొని రాకపోతే వేళ్ళు పడినట్లు. అప్పుడు తల్లితీగ వైపున సగంవరకు కోసి, పదిరోజులు ఆగి, మిగిలిన సగం కోయాలి. మట్టిముద్దతోసహా ఎత్తి, అడుగున రంధ్రం గల కుండీలో నాటి, వారం రోజులు నీడలో ఉంచి, ఆ తరువాత ఉదయపు ఎండ తగిలే చోటికి మార్చాలి.

ప్రశ్నలు

1. నీరు చాలని తీగకూ, నీరు మితిమీరిన తీగకూ గల భేదాన్ని ఏ విధంగా గుర్తించాలి?
2. ఎర్రమట్టిలో పెరిగిన జాజికి ఇనుపధాతువు లోపం కలగడానికి కారణాలను వివరించండి.
3. "అది ఇది కాదు గదా!" అన్న మాట ఎవరు, ఏ సందర్భంలో అన్నారు? ఆ మాటను వ్యాసకర్త ఏ విధంగా సమర్థించారు?
4. మీ ఇంటి వద్దగాని, కళాశాల ఆవరణలోగాని వాడుతున్న తీగను ఒకదానిని పరిశీలించి, కనిపించిన లక్షణాలను, ఊహించిన కారణాలను ఒక పుటకు మించకుండా వ్రాయండి.